పట్టికలో ఎనభై ఏడవ జీవి

నమోదు 6541
అప్పగింతకు ముప్పై ఒక్క రోజులు

ఉదయం పగడపు తొట్టిలో నీటి వేడి ఇరవై ఆరు. ఉప్పు ముప్పై అయిదు. నిన్న ఆవిరైపోయిన దానికి బదులుగా రెండు చెంబుల మంచినీళ్లు పోశాను. ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు కనుక, తొట్టి తగ్గినప్పుడు ఉప్పునీళ్లు పోయరాదు. ఈ మాట కొండ మీది మా తొమ్మిదో మెట్టులో పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను. ఇప్పటికీ ఇద్దరు పోస్తూనే ఉన్నారు. చలువ యంత్రం మా కరెంటు వాటా నాలుగు గంటలూ సక్రమంగా నడిచింది.

నిక్షేపశాఖవారి తాఖీదు వచ్చింది. సముద్రం వరుసగా మూడు వేసవులు హద్దు దాటి వేడెక్కలేదట. అందుచేత ఇళ్లలో పెరుగుతున్న రాళ్లన్నింటినీ ముప్పై ఒకటవ రోజున తిరిగి సముద్రానికి అప్పగిస్తారట. అప్పగింతకు ముందు ప్రతి గృహస్థుడూ తన రాయిని భూతద్దంతో గాలించి, అందులో ఉన్న సమస్త జీవులనూ నమోదు చేయాలి. ఆగంతుకజీవుల పట్టిక రెండవ భాగంలో, అంటే తీసివేయవలసినవాటిలో, ఉన్నవి కనబడితే తీసి సీసాలో ఉంచాలి. తాఖీదులో రెండు సంధిదోషాలు, ఒక విభక్తిదోషం ఉన్నాయి. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. అడుగున "దయచేసి గడులలో మాత్రమే రాయండి" అని నా ఒక్కడి ప్రతిపైనే చేతిరాతతో ఉంది. గడి చిన్నదైనంత మాత్రాన విషయం చిన్నది కాజాలదు.

రాయి గురించి ఒక మాట. సముద్రం హద్దు దాటి వేడెక్కిన ఆ సంవత్సరం చివర పగడాలన్నీ తెల్లబడి చస్తూంటే, జాలరులు మునిగి, బతికి ఉన్న రాళ్లను ఏరి తెచ్చారు. ఊళ్లు నీట మునిగి, కొండను మెట్లుగా చెక్కి కట్టిన ఈ కాలనీకి అప్పుడే చేరిన రెండు వందల పన్నెండు కుటుంబాలకు, ఇంటికొకటి చొప్పున వాటిని పంచారు. జనం ఇంటిరాయి అంటారు. నిక్షేపశిల అన్నది నేను పెట్టిన పేరు. మా రాయి పుచ్చకాయంత ఉంటుంది. దాని నెత్తిన గులాబిరంగు కొమ్మల పగడం ఒకటి కాలీఫ్లవరు పువ్వులా విచ్చుకుని ఉంది. ఆ జాతిని పదకొండు ఇళ్లకు ఇచ్చారు. పది ఇళ్లలో చచ్చిపోయింది. మిగిలింది మా తొట్టిలోనే.

ఇది గర్వంగానే రాస్తున్నాను.

నమోదు 6543
ఇరవై తొమ్మిది రోజులు

భూతద్దంతో రెండు రోజులు గాలించాను. ఇంతవరకు తేలిన ఆగంతుకులు: ముళ్లపురుగులు ఏడు, చిటికెల రొయ్య ఒకటి (కనబడలేదు, చప్పుడు వినబడింది), గొట్టాల్లో ఉండే పురుగులు లెక్కకు మించి, గోరంత నక్షత్రచేపలు నాలుగు. వీటిలో దేనినీ నేను తెచ్చి వేయలేదు. పక్షానికి ఒకసారి గొట్టంలో వచ్చే సముద్రపు నీటితోపాటు కంటికి ఆనని పిల్లలుగా వస్తాయి. రాతి సందుల్లో చేరి, పెరిగి, ఒకనాడు ఇంటివాళ్లలా తల బయట పెడతాయి.

ఈ పూట ఎనిమిది గంటలకు పగడపు కొమ్మల నడుమ ఒక జీవి కనబడింది. చింతగింజంత పీత. నున్నని డిప్ప, నారింజ చాయ, దేహానికి మించిన డెక్కలు. అది కాలితో పగడాన్ని గీరి, గీరినదాన్ని నోట పెట్టుకుంటోంది. నేను పావుగంట చూశాను. సందేహానికి తావు లేదు.

ఇది ఆగంతుకజీవుల పట్టికలో ఎనభై ఏడవది: "శాఖాంతర్వర్తి కర్కటకము. పగడమును భక్షించును. తీసివేయవలెను." ఆ వాక్యాలు నావే. పట్టికను తయారుచేసిన ఏడుగురి సంఘంలో భాషాసభ్యుణ్ణి నేను. నూట పన్నెండు జీవులకు ఎనిమిది రోజుల్లో నామకరణం చేశాం. తరువాత ఏడాది పొడవునా ప్రతి గురువారం ఉదయం ఆ పట్టికను కాలనీ మైకులో చదివింది కూడా నేనే. మిగిలిన ఆరుగురూ ఇప్పుడు లేరు.

అటువంటి నా ఇంట్లో ఎనభై ఏడవది కాపురముండటం కొంత సిగ్గుచేటే. వెదురుపుల్లతో అదిలించి, పట్టకారుతో పట్టి, సీసాలో వేశాను. అది పట్టకారును రెండు డెక్కలతోనూ పట్టుకుని చాలాసేపు వదలలేదు. పరిశీలకులు వచ్చి లెక్క చూసేవరకు చంపరాదన్నది నిబంధన. సీసాను కిటికీ గట్టున పెట్టి, నీళ్లు మార్చే బాధ్యతను ఉదయపు పనుల్లో చేర్చాను.

నమోదు 6546
ఇరవై ఆరు రోజులు

పగడం మొదలు దగ్గర వేలిగోరంత మేర తెల్లబడింది. అక్కడ తోలు లేదు, ఎముక కనబడుతోంది. నీటి వేడి, ఉప్పు, వెలుగు అన్నీ సరిగానే ఉన్నాయి. మూడుసార్లు కొలిచాను.

నమోదు 6549
ఇరవై మూడు రోజులు

తెలుపు బొటనవేలంత అయింది.

నిన్న ముళ్లపురుగులను తీశాను. పట్టిక వాటిని ఉంచదగినవంటుంది. అయినా తెల్లబడిన చోటికి అన్నింటికంటె దగ్గరలో ఉన్నవి అవే. ఈ ఉదయానికి తెలుపు ఇంకొంచెం పైకి పాకింది. కనుక చిటికెల రొయ్యను పట్టడానికి సగం రోజు కేటాయించాను. సీసామూతికి గరాటు బిగించి, లోపల ఎండుచేప ముక్క పెడితే మధ్యాహ్నానికి దొరికింది. మంచి ఎర్రని జీవి. సీసాలో వేశాక కూడా చిటికెలు వేస్తూనే ఉంది. సాయంత్రం నక్షత్రచేపలను తీశాను.

ముప్పై అయిదేళ్లు తరగతి నడిపినవాడికి ఒక పద్ధతి అలవడుతుంది. వెనుక బల్లలో గోల జరిగితే, తిరిగి చూసేసరికి ఎవడు లేచి నిలబడి ఉంటే వాణ్ణి బయటికి పంపడం. గోల ఆగితే వాడే దోషి. ఆగకపోతే రెండోవాడు. నా తరగతులు నిశ్శబ్దంగా ఉండేవని పేరు.

కిటికీ గట్టున ఇప్పుడు నాలుగు సీసాలు ఉన్నాయి.

నమోదు 6553
పంతొమ్మిది రోజులు

పగడంలో మూడో వంతు పోయింది. నిబంధనల ప్రకారం సగానికి మించి తెల్లబడిన రాయిని అప్పగింతకు తీసుకోరు. ఈ జాతి సముద్రానికి చేరితే మా తొట్టి నుండే చేరాలి. ఇంకెక్కడా లేదు. 

పదకొండు గంటలకు పక్కింటి మైలపల్లి కాసులమ్మ వచ్చింది. ఆమె జాలరి మనిషి. పాత ఊళ్లో పెనిమిటితోపాటు పడవెక్కిన ఆవిడ. ఇప్పుడు కిందిమెట్టు రేవులో వలలు బాగుచేస్తుంది. వాళ్లింటికీ గులాబి పగడమే ఇచ్చారు. తొమ్మిదో ఏట చచ్చిపోయింది. అప్పటి నుండి వాళ్ల తొట్టిలో బియ్యం పోసుకుంటున్నారు. రేపటి నీటివంతు వేళ మారిందని చెప్పడానికి వచ్చి, అలవాటుగా మా తొట్టి ముందు వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఏటి మాస్టారూ, దీని కావిలోడు ఏడీ?"

ఆమె అడిగినది నాకు బోధపడలేదు. ఆమె కిటికీ గట్టువైపు చూసి, సీసాలన్నీ ఒకటొకటిగా ఎత్తి, పీత ఉన్న సీసా దగ్గర ఆగింది.

"ఇదిగో, ఇక్కడున్నాడు. కావిలి పీతండి ఇది. దీన్ని తీసి జైల్లో ఎట్టేసి, ఇంట్లో దొంగలు పడ్డారని మీరెతుకుతున్నారు."

ఎనభై ఏడవది పగడాన్ని భక్షిస్తుందనీ, నా కళ్లతో చూశాననీ చెప్పాను. ఆమె నవ్వలేదు. పగడం ఒంటి మీద ఊరే జిగురును అది తింటుందని, ఆ జిగురే దానికి కూలి అని, ఆ కూలి కోసం ఇంకో పురుగును దగ్గరికి రానివ్వదని చెప్పింది. మునిగినవాళ్లంతా చూసిన సంగతేనట. వేలు పెడితే వేలు కొరుకుతుందట. వల తగిలితే వల కొరుకుతుందట.

పద్దెనిమిదేళ్లుగా ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగవలసింది కాదు.

"సెప్పేం గదండి. డేరాలో మీరు ఏడుగురూ బల్లేసుకుని కూచున్నప్పుడు మా అత్త సెప్పింది. కావిలి పీత అంది. మీరే అది గ్రామ్యమని కొట్టేసేరు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నీటివంతు వేళ ఇంకొకసారి చెప్పి, జ్ఞాపకముంచుకోమని వెళ్లిపోయింది.

నాకు గుర్తుంది. నల్లచీర ముసలమ్మ. గాజుగిన్నెలో పీతను చూపుతూ ఏదో చెబుతూనే ఉంది. నేను పేరు వరకే విన్నాను. ఆ పేరు పట్టికకు తగదనుకున్నాను. పేరు కొట్టివేసిన తరువాత ఆమె చెప్పిన తక్కిన మాటలకు గడి లేకపోయింది. సంఘంలో ఎవరో అది పగడాన్ని తింటున్నట్టుందన్నారు. నేను "భక్షించును" అని రాశాను.

అయినా ఒక్కరి మాట మీద పట్టికను కాదనలేను. పీత సీసాలోనే ఉంది.

నమోదు 6554
పద్దెనిమిది రోజులు

నిన్నటి మాటలో "దొంగలు" అన్నది నన్ను వదలలేదు. పగలు దాగి చీకట్లో తిరిగేవాటిని చూడాలంటే చీకటిని పగటికి తేవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక నల్లదుప్పటి తొట్టికి నాలుగు వైపులా కప్పి, తల లోపల దూర్చి, టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టి కూర్చున్నాను. లోపల ఉక్కగా ఉంది.

గంటన్నర తరువాత, నేను ఇంతకాలం రాతి బొడిపెలనుకున్నవి నడిచాయి.

నత్తలు. చిటికెనవేలి గోరంతవి. గుల్లల మీద రాతికి పట్టే ఊదారంగు పాచే పట్టి ఉంది. అందుచేత రాయికీ వాటికీ తేడా తెలియదు. మూడు నత్తలు వరుసగా తెలుపు అంచున చేరి, తోలును అంగుళం అంగుళంగా వలుచుకు తింటున్నాయి. పట్టికలో ఇవి లేవు. నూట పన్నెండింటిలో ఎక్కడా లేవు.

మూడింటినీ పట్టకారుతో తీశాను. ముళ్లపురుగులనూ, రొయ్యనూ, నక్షత్రాలనూ తిరిగి తొట్టిలో వదిలాను. రొయ్య రాతి కింద దూరి వెంటనే చిటిక వేసింది. దాన్ని నేను మన్నింపుగా భావించడం లేదు.

నమోదు 6557
పదిహేను రోజులు

తెలుపు ఆగలేదు. నత్తల పిల్లలు, బియ్యపు గింజంతవి, కొమ్మల సందుల్లో ఉన్నాయి. పట్టకారు దూరదు, పుల్ల దూరదు. లోపలికి దూరగలిగినది ఒక్కటే ఉంది. అది పద్నాలుగు రోజులుగా కిటికీ గట్టున నా చేత నీళ్లు మార్పించుకుంటోంది.

నాలుగు రోజులు ఆలస్యం చేశాను. కాసులమ్మ చెప్పిన రోజునే వదిలి ఉంటే రెండు కొమ్మలు దక్కేవి. ఆ రెండు కొమ్మలూ నా ఖాతాలోవి.

పది గంటలకు సీసాను తొట్టిలోకి వంచాను. పీత ఇసుక మీద పడి, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తిన్నగా రాయెక్కింది. దారిలో నా వేలు అడ్డుగా ఉంటే కొరికింది. కొమ్మల్లోకి దూరాక నల్లదుప్పటి కప్పి చూశాను. అది ఒక నత్తపిల్ల దగ్గరకు పోయి, గుల్లను కాదు, గుల్ల కింద నుండి బయటికి వచ్చిన మెత్తని పాదాన్ని డెక్కతో పట్టి కుదిపింది. నత్త లోపలికి ముడుచుకుంది. ముడుచుకున్నది పట్టు తప్పి ఇసుకలో పడింది. పీత మరొకదాని దగ్గరకు పోయింది.

పడినవాటిని నేను చెంచాతో తీశాను. మధ్యాహ్నానికి తొమ్మిది. ఆ పూట మేమిద్దరం పనిచేశాం.

నమోదు 6561
పదకొండు రోజులు

నాలుగు రోజులుగా తెలుపు కదలలేదు. అంచు వెంబడి గులాబి దారం లాంటి కొత్త తోలు కనబడుతోంది. పగడంలో నష్టం సగానికి కొంచెం తక్కువ. స్కేలుతో కొలిచి రాశాను.

ఇప్పుడు సమస్య పగడం కాదు, పీత. పట్టిక రెండవ భాగంలోని ఒక్క జీవి రాతిలో మిగిలి ఉన్నా ఆ రాయిని మంచినీటిలో ముంచాలన్నది నిబంధన. మంచినీటిలో సముద్రజీవి ఏదీ బతకదు. పీతా చస్తుంది, పగడమూ చస్తుంది, రాయి ఉత్త రాయి అవుతుంది. "ముంచవలెను" అన్న క్రియ కూడా నేను వేసిందే. "ముంచవచ్చును" అని ఒకరు సూచిస్తే, నిబంధనలో అనుమతి వేరు, ఆదేశం వేరు అని వాదించి గెలిచాను.

సాయంత్రం కాసులమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమెకు ఇది సమస్యగానే తోచలేదు.

"తనికీ రోజున మాయింట్లో ఎట్టండి. వొవ్వరికీ తెల్దు. మూడు గంటల పనండీ."

తనిఖీ అయిన రాయిని అక్కడికక్కడే సన్నజాలీ పెట్టెలో పెట్టి, ముద్ర వేసి, అప్పగింత దాకా తొట్టిలోనే ఉంచుతారు. ముద్ర పడ్డాక పీతను వేసే వీలు ఉండదు. ఈ మాట అన్నాను. ఆమె, కాపలా లేకుండా పంపితే సముద్రంలో ఎన్నాళ్లుంటుందో తానూ చెప్పలేనంది. వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి, నేను అడగకుండానే ఇంకొకటి చెప్పింది. వాళ్ల తొట్టిలోనూ కావలి పీత ఉండేదట. మొదటి ఏడు మూడో గురువారం మైకు విని వాళ్ల అత్త తీసేసిందట.

"మాకు తెలిసే తీసేమండి. రూలు మీరితే రాయట్టుకుపోతారని బయం. అదెలాగా పోనాది."

పది ఇళ్లు. పది ఇళ్లలోనూ నా గొంతే వినబడింది. మా ఇంట్లో మిగలడానికి కారణం నా నిర్వహణదక్షత కాదు. మా పీత నాకు కనబడకపోవడం.

నమోదు 6564
ఎనిమిది రోజులు

పరిశీలకురాలు హేమసుందరి వచ్చింది. కాలనీకి వచ్చేనాటికి తొమ్మిదేళ్ల పిల్లట. భూతద్దం తీయకముందే నా పత్రం చదవసాగింది. గడులు చాలక నాలుగు కాగితాలు జతచేశాను. అన్నీ రాశాను. ఎనభై ఏడవది ఉన్నదనీ, తెలిసి ఉంచాననీ, ఎందుకు ఉంచాననీ.

ఆమె చదవడం ముగించి, తొట్టి ముందు కూర్చుని పీతను చూసింది. తరువాత కంఠతా అప్పజెప్పింది: "శాఖాంతర్వర్తి కర్కటకము. పగడమును భక్షించును. తీసివేయవలెను." నేను మైకులో చదివిన తీరులోనే, "వలెను" దగ్గర అదే విరుపుతో.

"చిన్నప్పుడు గురువారాలు విన్నదే మాస్టారూ. నాకు పట్టికంతా మీ గొంతులోనే గుర్తుంది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

నిబంధన ప్రకారం ముంచమన్నాను.  ముప్పై అయిదేళ్లు పిల్లల చేత నిబంధనలు పాటింపజేసి, నా వంతు వచ్చేసరికి మినహాయింపు అడగడం నాకు చేతకాని పని.

ఆమె సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి చివరి పుటలు తిప్పింది. అది నేను ప్రూఫులు దిద్దిన పుస్తకమే. అయినా ఆ పుట జ్ఞాపకం లేదు. పట్టికలో పొరపాటు తేలితే, నామకరణ సంఘ సభ్యులలో ఎవరైనా ఒకరు దానిని రాతపూర్వకంగా ఒప్పుకుని, మొదట ఎట్లా ప్రకటించారో అట్లాగే తిరిగి ప్రకటిస్తే, ఆ దిద్దుబాటు ఆనాటి నుండి అమలులోకి వస్తుంది.

"సభ్యుల్లో ఉన్నది మీరొక్కరే" అంది. "అప్పగింతకు కనీసం అయిదు రోజుల ముందు ప్రకటించాలి. అంటే ఈ గురువారమే."

రాయికి ముద్ర వేయలేదు. గురువారం దాకా ఆగుతానంది.

నమోదు 6567
అయిదు రోజులు. గురువారం

ఆరున్నరకు మైకు గదికి వెళ్లాను. మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగాను. మోకాళ్ల వల్లనేనని రాస్తే అబద్ధమవుతుంది.

రెండు రోజులు కూర్చుని ప్రకటన రాశాను. మొదటి చిత్తులో "పొరపాటు జరిగినది" అని ఉంది. ఆ వాక్యానికి కర్త లేడు. పిల్లల వ్యాసాల్లో ఇటువంటి వాక్యం కనబడితే, ఎవరు చేశారు అని పక్కన రాసేవాణ్ణి. అందుచేత చింపివేసి మళ్లీ రాశాను. చదివినది ఇది:

"నేను రావివలస కూర్మారావును. ఆగంతుకజీవుల పట్టికలో ఎనభై ఏడవ జీవిని గురించి నేను రాసినది తప్పు. ఆ పీత పగడాన్ని తినదు. కాపాడుతుంది. ఈ సంగతి మైలపల్లివారి పెద్దావిడ ఒకరు ఆనాడే మాకు చెప్పారు. నేను వినలేదు. పట్టిక రెండవ భాగం నుండి దానిని తీసివేస్తున్నాను. నా మాట విని పీతను తీసివేసి, తరువాత పగడాన్ని పోగొట్టుకున్న ఇళ్లు ఇవి."

పది ఇళ్ల సంఖ్యలు చదివాను. చదవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

తిరుగుదారి పట్టాను. నాలుగో మెట్టు కొళాయి దగ్గర ఒకాయన బిందె పక్కకు జరిపి దారి ఇచ్చాడు. కాసులమ్మ ఇంటి అరుగు మీద వల అల్లుతోంది. నేను దాటిపోతుంటే తల ఎత్తకుండానే అంది:

"మా ఇంటి నెంబరు కాడ కొంచెం ఆగేరు."

ఆగానని ఒప్పుకున్నాను.

"ఫర్వాలేదు. అత్త ఉంటే ఇంకోపాలి సదవమనేది."

నమోదు 6568
నాలుగు రోజులు

ఉదయం ఆరో మెట్టు నుండి ఒక మధ్యవయస్కురాలు వచ్చింది. కొంగు చాటున ఊరగాయ జాడీ. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటే రాక, శిక్ష ఏమైనా ఉంటుందా అని ముందు అడిగింది. ఉండదన్నాక మూత తీసింది. జాడీలో ఉప్పునీళ్లు, ఒక రాతిముక్క, దాని మీద చింతగింజంత నారింజరంగు పీత.

వాళ్ల పగడం పోయి పదకొండేళ్లట. నిరుడు సముద్రపు నీటితో ఈ పీత వచ్చి, పగడం లేని తొట్టిలో దిక్కులేక తిరుగుతుంటే, పట్టిక ప్రకారం అప్పజెప్పడానికి మనసొప్పక జాడీలో దాచి రొయ్యపొట్టు పెట్టి పెంచిందట. ఆ ఇంటి సంఖ్య నేను నిన్న చదివిన పదింటిలో ఒకటి.

కాసులమ్మను పిలిచి, దాన్ని మా తొట్టిలో వదిలాం. రెండు పీతలూ ఎదురెదురుగా నిలిచి డెక్కలెత్తాయి. పోరాడతాయేమోనని నేను పట్టకారు అందుకున్నాను. కాసులమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గీయండి మాస్టారూ. పెళ్లిసూపులండి."

సాయంత్రానికి రెండూ ఒకే కొమ్మ మొదట్లో, చెరో వైపుకు తిరిగి కూర్చుని ఉన్నాయి. హేమసుందరి వచ్చి, తెలుపు కొలిచి, సగానికి తక్కువేనని ధ్రువీకరించి, రెండు పీతలనూ పత్రంలో చేర్చి సంతకం చేసింది. ముద్ర వేసేముందు జతచేసిన కాగితాలను నాకు తిరిగి ఇవ్వబోయి, మళ్లీ ఏమనుకుందో తన సంచిలోనే పెట్టుకుంది.

నమోదు 6572
అప్పగింత

ఎనిమిది గంటలకు పడవ కదిలింది. మునిగిపోయిన పాత దీపస్తంభం దాటాక, జెండా కర్రలు పాతిన చోట ఆపారు. నీటి వేడి ఇరవై ఏడు. కొలిచింది నేనే.

రాయిని దింపింది కాసులమ్మ. ఈ వయస్సులో మునగడం ఎందుకని పడవవాళ్లు అడిగితే, పైకి తెచ్చింది తామేనంది. పెట్టె ముద్ర తీసి, రాయిని చేతుల్లోకి ఎత్తినప్పుడు కొమ్మల్లోంచి నాలుగు డెక్కలు బయటికి వచ్చాయి. ఆమె వేలిని కొరికాయి. ఆమె తిట్టింది. తిట్టును ఇక్కడ రాయను.

నీళ్లలోకి పోయిన మనిషి తిరిగి పైకి వచ్చేవరకు నాకు చేసేందుకు పని లేకపోయింది. పైకి వచ్చి, పడవ అంచు పట్టుకుని, ఊపిరి తీసుకుని, రాయి రెండు పెద్దరాళ్ల మధ్య గట్టిగా కూర్చుందని చెప్పింది.

ఇంటికి వచ్చాక తొట్టి ఖాళీగా, వెలుగుతూ ఉంది. చలువ యంత్రం ఆపాను. ముళ్లపురుగులూ, చిటికెల రొయ్యా రాయితోనే వెళ్లిపోయాయి. ఇసుకలో చెంచాకు చిక్కని నత్త ఒకటి మిగిలిపోయినట్టుంది. అద్దం మీద నెమ్మదిగా ఎక్కుతోంది.

పత్రంలో చివరి భాగం పూర్తిచేయవలసి ఉంది. దిద్దుబాటు పట్టికకు గడులు నాలుగు: సంఖ్య, పేరు, సూచన, పేరు చెప్పినవారు. నాలుగో గడి పాత పట్టికలో లేదు. నేను గీసి చేర్చాను.

సంఖ్య: ఎనభై ఏడు. పేరు: కావిలి పీత. సూచన: తీయవద్దు.

నాలుగో గడి దగ్గర కలం ఆగింది. మైకులో కూడా "మైలపల్లివారి పెద్దావిడ" అన్నాను. పద్దెనిమిదేళ్ల పక్కింటి మనిషి. లేచి గోడ అవతలికి వెళ్లాను. కాసులమ్మ తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది. మీ అత్తగారి పేరేమిటని అడిగాను.

ఆమె నన్ను చూసి, తువ్వాలు దించింది.

"బంగారమ్మండి. మైలపల్లి బంగారమ్మ."

తిరిగి వచ్చి, గడిలో, గడి దాటకుండా రాశాను.